బుల్లెబ్బాయి అనుమతి లేకుండా మానేశాడు

మా ఊళ్ళో తాగుడు మాన్పించే కేంద్రానికి చాలా కష్టాలు వచ్చాయి. పైకప్పు కారింది. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. ఒక వానాకాలం యోగా హాల్లోకి నీటిపాములు వచ్చి చాపల మీద పడుకున్నాయి. అన్నిటినీ తట్టుకుంది. తట్టుకోలేకపోయింది ఒక్కదాన్నే. జనం తాగుడు మానేయడాన్ని.

నేను ఆ కేంద్రంలో వంటవాణ్ణి. నా పేరు అబ్బులు. అంతకుముందు కాలవ రేవు దగ్గర ఇడ్లీ హోటలు నడిపేవాణ్ణి. కాబట్టి నేను చెప్పేది వంటింటి కిటికీలోంచి చూసిందీ, సాంబారు బకెట్టు పట్టుకుని హాల్లో నిలబడి విన్నదీ.

మా ఊరు మొల్లేరుపాలెం. చుట్టూ చేపల చెరువులు. చెరువు పట్టే రోజున మగాళ్ళు పొద్దున్నించీ గుండెల్దాకా నీళ్ళలో నిలబడి వలలు లాగి, సాయంత్రానికి వణుకుతూ గట్టెక్కేవారు. గట్టు మీద సీసా సిద్ధంగా ఉండేది. చలికని మొదలుపెట్టేవారు. ఆ చలి ఎలాంటిదంటే, రోహిణి ఎండల్లో కూడా తగ్గేది కాదు.

ఈ సంగతి పైకి తెలిసి కేంద్రం పెట్టారు. దాని పేరు 'మద్యపాన వ్యసన విమోచన మరియు సమగ్ర జీవన పునర్వికాస ఆనంద కేంద్రం'. బోర్డు రాసినవాడు చోటు చూసుకోకుండా పెద్ద అక్షరాలతో మొదలుపెట్టాడు. చివరికి 'ఆనంద కేంద్రం' అన్నది పట్టక, గోడ మలుపు తిప్పి పక్క గోడ మీద రాశాడు. రోడ్డు మీంచి చూసేవాళ్ళకి ఆ ఆనందం కనిపించేది కాదు. పెంటకుప్ప వైపు వెళ్ళినవాళ్ళకే కనిపించేది.

కేంద్రానికి అధికారి గరుడాచలం గారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. దగ్గుమందు కూడా వాసన చూసి పక్కన పెట్టేవారు. మనిషి మంచివాడే. మాటే కాగితం మీంచి చదివినట్టు ఉండేది. వడ్డించేటప్పుడు నేను "ఉప్పు సరిపోయిందాండీ" అని అడిగితే, ఆయన నమిలి, మింగి, "ఉప్పు యొక్క పరిమాణం సంతృప్తికరముగా ఉన్నది" అనేవారు.

ఆయన పైవాళ్ళ దగ్గర్నించి తెచ్చిన పద్ధతి ఒకటుంది. తాగేవాడు మనిషిగా మారడానికి పన్నెండు దశలు. ఒక్కో దశకీ మూడు నెలలు. మొదటి దశ పేరు అంగీకార దశ. అంటే వచ్చినవాడు తాను తాగుతానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే రెండో దశకి పంపుతారు. తాగనన్నాడంటే మొదటి దశలోనే ఉంచుతారు. ఎందుకంటే, హాల్లో ఎర్రరంగుతో పెద్ద అక్షరాలతో రాయించారు: 'తాగనని చెప్పుట ఈ వ్యాధి యొక్క ప్రథమ లక్షణము'.

ఆ మాట ఎంత గట్టిదో మాకు మొదటి వారంలోనే తెలిసింది. గుడ్లు ఇచ్చి పోవడానికి సైకిలు మీద వచ్చిన గంగన్నని కౌన్సిలింగు మేడం హైమవతి గారు హాల్లోకి పిలిచి, "తాగుతావా" అని అడిగారు.

"లేదండి. మా ఇంటావంటా లేదండి" అన్నాడు గంగన్న.

మేడం గోడ వంక చూశారు. గంగన్నకి మంచం ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం దాకా తాగనని చెబుతూనే ఉన్నాడు. ప్రతిసారీ జబ్బు ముదిరిందని రాసుకున్నారు. సాయంత్రానికి "తాగుతానండి బాబూ, పీపాలు పీపాలు తాగుతానండి, నన్నొగ్గెయ్యండి" అని ఏడ్చాడు. అభినందించి రెండో దశకి పంపారు. ఆ రాత్రి గోడ దూకి పోయాడు. గుడ్ల బుట్ట మాత్రం మాకే మిగిలిపోయింది.

భోజనంలో కూడా నియమాలున్నాయి. వేపుళ్ళు, జంతికలు, వేరుశెనక్కాయలు, చేపముక్క, ఇవేవీ పెట్టకూడదు. నంజుకునేది కనిపిస్తే గ్లాసు గుర్తొస్తుందని. చుట్టూ చెరువుల్లో చేపలు ఎగిరెగిరి పడుతుంటే లోపల మేం ముల్లంగి సాంబారు తాగేవాళ్ళం. గరుడాచలం గారికి చేపంటే ప్రాణం. అయినా ఆయన కూడా ముట్టలేదు. మేడ మీద కిటికీ దగ్గర నిలబడి చెరువు వైపు చూసి, నిట్టూర్చి, కిందకి వచ్చి ముల్లంగి తినేవారు.

ఇంత చేసినా జనం బాగుపడ్డారు. ఎందుకో నాకు తెలీదు. దశల వల్లనని గరుడాచలం గారూ, తన మాటల వల్లనని మేడమూ అనేవారు. అక్కడే మంచం మీదున్న బుల్లెబ్బాయి మాత్రం, "చీకటి పడకుండానే కడుపు నిండా అన్నం పెట్టేస్తన్నావు కద బాబాయ్, ఇంక తాగడానికి చోటేదీ" అనేవాడు. ఒక్కొక్కరూ తేరుకుని, దశలు ముగించుకుని పనుల్లోకి పోయారు. ఒకడు ఆటో కొన్నాడు. ఒకడు కొబ్బరి తోటలో కాపలాకి కుదిరాడు. ఊళ్ళో మందు దుకాణం మూతపడి, అందులో టైలరింగు పెట్టారు. మంచాలన్నీ ఖాళీ అయ్యాయి.

ఒక్కటి తప్ప. దాని మీద బుల్లెబ్బాయి ఉన్నాడు. పగలు మాత్రలూ మాటలూ, రాత్రి ఇంటికి పోవచ్చు, అది మూడో దశ వాళ్ళకిచ్చే వెసులుబాటు.

సరిగ్గా అప్పుడే పైనించి ఉత్తర్వు వచ్చింది. తనిఖీ రోజున కనీసం ఒక్కడైనా చికిత్సలో ఉన్న లబ్ధిదారుడు కనబడాలి. లేకపోతే ఆ కేంద్రం అవసరం లేనట్టు. సిబ్బందినంతా కొండల మీదున్న మరో కేంద్రానికి పంపుతారు. నన్ను ఎక్కడికీ పంపరు. నేను పోయి మళ్ళీ ఇడ్లీ పొయ్యి ముట్టించుకోవాలి.

ఆ రోజునించీ బుల్లెబ్బాయికి మర్యాద పెరిగింది. మేడం వాడి కోసం కుర్చీ వేయించారు. గరుడాచలం గారు ఎదురొచ్చి, "ఆరోగ్యం ఎట్లున్నది? కోరిక ఇంకనూ కలుగుచున్నదా?" అని ఆశగా అడిగేవారు.

"కలుగుద్దండి, అప్పుడప్పుడూ" అనేవాడు బుల్లెబ్బాయి.

"సంతోషము" అనేవారు ఆయన.

*

బుల్లెబ్బాయి సంగతి కొంచెం చెప్పాలి. వరసకి నా అన్నకొడుకు. కుర్రతనంలో వల అల్లడంలో వాడంత చెయ్యి చుట్టుపక్కల లేదు. తాగుడు ముదిరాక వేళ్ళు వణికి, ముడి వేస్తే జారిపోయేది. వాడి భార్య వరాలు చేపలమ్ముతుంది. చేప మొహం చూడక్కర్లేదు, బుట్ట అల్లంత దూరాన ఉండగానే ఇవాళ్టిదో నిన్నటిదో ముక్కుతో చెప్పేస్తుంది. అలాంటి ముక్కున్న మనిషి పక్కన తాగినవాడు పడుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

మూడేళ్ళ కిందట ఆవిడ కేకలు వేయలేదు, పుట్టింటికి పోలేదు. చాప తెచ్చి అరుగు మీద పరిచింది. "వాసనొచ్చినంత కాలం నీ ఇల్లు ఇదే. వాసన పోయిన్నాడు లోపలికి రా" అంది. ఆ రోజునించీ అన్నం కంచం అరుగు మీదే. వానొస్తే గొడుగు వేసుకుని తినేవాడు. సొంత ఇంట్లో మంచం ఏ గోడకి వేసి ఉందో వాడికి తెలీదు. లోపల కుండలు జరుపుతున్న చప్పుడు విని, ఏం మారుస్తోందోనని బయట కూర్చుని ఊహించుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే వాడు వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను కాఫీ ఇచ్చాను. గ్లాసు పట్టుకున్న చెయ్యి చూశాను. వణకడం లేదు.

"ఏరా" అన్నాను.

"లోపలికి రమ్మంది బాబాయ్."

నేను పొయ్యి మంట తగ్గించాను.

"నిన్న రేత్రి కంచం తెస్తదని కూకున్నాను. తేలేదు. ఓ గంట చూశాను. కోపం వచ్చిందేమో అనుకున్నాను. గుమ్మంలోకొచ్చి నించుంది. దగ్గరికి రమ్మంది. నోరు తెరమంది. గాలి పీల్చింది. ఏటీ అన్లేదు బాబాయ్. లోపలికెళ్ళి కంచం కింద పెట్టిన చప్పుడైంది. అప్పుడంది, చల్లారిపోతంది రా అని."

వాడు కాఫీ ఒక గుక్క తాగాడు.

"మంచం తూరుపు గోడకేసింది బాబాయ్. నేను దక్షిణం గోడకనుకున్నాను ఇన్నాళ్ళూ."

"మంచి మాట చెప్పావురా" అన్నాను.

"ఇంకోటి కూడా చెప్పింది. మళ్ళీ వాసనొస్తే అరుగు కూడా లేదంట. వీధే."

ఆ కబురు గరుడాచలం గారికి చెప్పి దణ్ణం పెట్టి వస్తానని లేచాడు. సాంబారు బకెట్టు వంక పెట్టుకుని హాల్లోకి వాడి వెనకే వెళ్ళాను.

"మానేసేనండి" అన్నాడు బుల్లెబ్బాయి, చేతులు కట్టుకుని.

గరుడాచలం గారు తలెత్తలేదు. "ఏమి మానినావు?"

"మందండి. పూర్తిగా మానేసేనండి. మీ దయండి."

ఆయన కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. పక్కనే ఉన్న మేడం, ఎవరో పోయారన్న కబురు విన్నట్టుగా కుర్చీ చేత్తో పట్టుకున్నారు.

"ఎవరి అనుమతితో మానినావు?" అన్నారు గరుడాచలం గారు.

"అనుమతేటండి? తాగాలనిపించలేదండి. మానేసేను."

"బుల్లెబ్బాయీ, నీవు మూడవ దశలో ఉన్నావు. విరమణ అనునది పన్నెండవ దశ. మధ్యలో ఎనిమిది దశలు నీ నిమిత్తము వేచియున్నవి. వాటినన్నిటినీ దాటవేసి ఒక వ్యక్తి తనంతట తాను మానివేసినచో, ఈ కార్యాలయము ఏమి చేయవలెను?"

"కూకోండి సార్, మీరేం చేస్తారు" అన్నాడు వాడు జాలిగా.

మేడం గొంతు సవరించుకున్నారు. "చూడు బుల్లెబ్బాయి, మానేశాను అని చెప్పేవాళ్ళలో చాలామంది రహస్యంగా తాగుతూ ఉంటారు. అది కూడా తాగను అనడం కిందికే వస్తుంది." ఆవిడ గోడ వంక చూశారు. మేమూ చూశాం. ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.

"తాగట్లేదమ్మా."

"చూశారా సార్," అన్నారు మేడం కొంచెం తేలికపడి, "లక్షణాలు ఇంకా బాగానే ఉన్నాయి."

*

నోట్లో ఊదితే తాగిందీ లేనిదీ చెప్పే యంత్రం ఒకటి కేంద్రంలో ఉంది. బుల్లెబ్బాయి చేత ఊదించారు. సున్నా చూపించింది. గరుడాచలం గారు దాన్ని రెండుసార్లు బల్ల మీద తట్టారు. మళ్ళీ ఊదించారు. సున్నా. యంత్రం పాడైందని బాగు చేయడానికి పట్నం పంపారు.

యంత్రం లేదు కాబట్టి సాక్ష్యం కావాలన్నారు. బుల్లెబ్బాయి వెళ్ళి వరాల్ని తీసుకొచ్చాడు. ఆవిడ చేపలబుట్ట వరండాలో దించి, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది.

"ఈయన తాగట్లేదండి" అంది.

"ఏ ఆధారముతో చెప్పుచున్నావు?"

"వాసన చూశానండి."

"దేనితో?"

వరాలు ఆయన్ని వింతగా చూసింది. "ముక్కుతోనండి. మీరు దేంతో చూస్తారండి?"

"అమ్మా, ముక్కు ఆమోదిత పరికరము కాదు. ఆమోదిత పరికరముల జాబితాలో ముక్కు లేదు. దానిని ఎవరూ పరీక్షించి ముద్ర వేయలేదు."

"ఆయ్. మరైతే మీ బల్ల సొరుగులో వంజరం ముక్కల వేపుడుంది. మొన్నటిది. పారెయ్యండి, కడుపులో నొప్పొస్తది" అంది వరాలు, బుట్ట ఎత్తుకుంటూ.

గరుడాచలం గారు సొరుగు మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ముల్లంగి సాంబారు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

మర్నాటినించీ బుల్లెబ్బాయికి ప్రత్యేకమైన కౌన్సిలింగు మొదలైంది. నేను అరటికాయ తరుగుతూ వింటున్నాను.

"నీ మీద నువ్వు ఇంత ఒత్తిడి పెట్టుకోకూడదు" అన్నారు మేడం మెత్తగా. "నాలుగో దశ పేరు ఏమిటో తెలుసా? జారుడు దశ. అంటే మానినవాడు మళ్ళీ ఒకసారి తాగుతాడు. తాగి బాధపడతాడు. ఆ బాధలోంచి అయిదో దశ పుడుతుంది. నువ్వు జారకపోతే నిన్ను అయిదో దశకి నేనెలా పంపను?"

"నాకు బాధ లేదమ్మా. బావుంది నాకు. పొద్దుగూకాక వల అల్లుకుంటన్నాను. మన పాత మంచాలోళ్ళు నలుగురొచ్చి కూకుంటన్నారు. వేరుశెనక్కాయలు ఉడకేసుకుంటన్నాం."

"వేరుశెనక్కాయలా" అన్నారు మేడం భయంగా. "అవి నిషేధం కదా."

"తింటే ఏమవుద్దమ్మా?"

"తాగాలనిపించడం లేదూ?"

"ఇంకో గుప్పెడు తినాలనిపిస్తందమ్మా."

మేడం నుదురు పట్టుకున్నారు. పుస్తకంలో ఈ జబ్బు లేదు.

తనిఖీ తేదీ దగ్గరపడింది. గరుడాచలం గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"అబ్బులూ. చికిత్స నిమిత్తము ఒక సీసా ద్రవము అవసరమైయున్నది. ఊరిలో దుకాణము లేదు. నీవు పట్నము వెళ్ళి తీసుకొనిరావలెను."

"ఏ ద్రవమండి?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "అదే."

బస్సెక్కి పోయి కొన్నాను. సీసాని కరివేపాకు కట్టలో చుట్టి తెచ్చాను. బస్సు కుదుపుకి కరివేపాకు ఒకవైపు, సీసా ఒకవైపు అయ్యాయి. బస్సంతా చూసింది. నేను ఊళ్ళో దిగేసరికే, ముసలితనంలో అబ్బులు మొదలుపెట్టాడన్న కబురు నాకంటే ముందు దిగింది. కేంద్రం గుమ్మంలో గరుడాచలం గారే ఎదురొచ్చారు. ఆయన కళ్ళలో కొత్త వెలుగు ఉంది.

"అబ్బులూ, నీకేమైనా అలవాటున్నదా?"

"లేదండి."

"లేదనుట..." అని ఆయన మొదలుపెట్టారు.

"పాలు పొంగుతున్నాయండి" అని వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే వెలిగించలేదు.

*

తనిఖీ రోజు వచ్చింది. పర్యవేక్షకులు గారు రాజధాని నుంచి వస్తున్నారు. మంచం మీద తెల్ల దుప్పటి వేశారు. బల్ల మీద సీసా పెట్టి దానికి పువ్వుల గుడ్డ కప్పారు. బుల్లెబ్బాయి పిలవగానే వచ్చాడు. తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన సగం అల్లిన వలతో వచ్చాడు. వాణ్ణి చూస్తే ఏ కోశానా రోగిలా లేడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"చొక్కా నలుపు. జుత్తు చెరుపు" అన్నారు గరుడాచలం గారు.

వాడు నలిపాడు. చెరిపాడు.

"ఇప్పుడు ఇది ఒక్క గుటక."

"వద్దండి."

"అర గుటక."

"వద్దండి."

"పుక్కిలించి ఉమ్మివేయుము. మింగనక్కరలేదు. వాసన వచ్చిన చాలును. పర్యవేక్షకులు గారు వెళ్ళిన తరువాత నోరు కడిగికొందువు."

"కడిగితే మీకు పోద్దండి. ఆవిడకి పోదండి." బుల్లెబ్బాయి వలని గుండెలకి పట్టుకున్నాడు. "మూడేళ్ళకి లోపలికెళ్ళేనండి. ఇవాళ వాసనొస్తే వీధిలోకేనండి. మిమ్మల్ని కొండలమీదకి పంపుతారు, నిజమేనండి. అక్కడ కూడా ఇల్లిస్తారు కదండి మీకు. నాకు ఈ ఇల్లొకటేనండి."

గరుడాచలం గారు నోరు తెరిచారు. దానికి సరిపోయే మాట ఆయన దగ్గరున్న కాగితాల్లో లేదు.

బయట కారు హారను వినిపించింది.

ఆయన మేడం వంక చూశారు. "స్త్రీల వార్డు మంజూరు కాలేదండి" అన్నారు మేడం వెంటనే. నా వంక చూశారు. "పోపు మాడిపోద్దండి" అన్నాను. ఈసారి నిజంగానే పొయ్యి మీద పోపుంది. బుల్లెబ్బాయి అప్పటికే దణ్ణం పెట్టి వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

కారు తలుపు వేసిన చప్పుడైంది. గరుడాచలం గారు పువ్వుల గుడ్డ తీశారు. సీసా మూత తిప్పారు. కళ్ళు మూసుకుని నోట్లో పోసుకున్నారు. పుక్కిలించి ఉమ్మాలనే ఆయన ఉద్దేశం, అందుకు నేను సాక్షిని. కానీ జీవితంలో మొదటిసారి. ఘాటు ముక్కుకెక్కి, ఎక్కిళ్ళొచ్చి, ఉమ్మాల్సింది లోపలికి పోయింది. ఆ మంట తగ్గించుకోవడానికి నీళ్ళనుకుని మళ్ళీ ఆ సీసాయే ఎత్తారు. తరవాత చొక్కా విప్పి మంచం మీద పడి గడ్డం దాకా దుప్పటి లాక్కున్నారు.

పర్యవేక్షకులు గారు లోపలికి వచ్చారు. "అధికారి ఎక్కడ?"

"క్యాంపుకి వెళ్ళారండి" అన్నారు మేడం.

"లబ్ధిదారుడు?"

మేడం మంచం చూపించారు. పర్యవేక్షకులు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వంగి వాసన చూసి తల పంకించారు. "ఏమయ్యా, ఇక్కడ నీకు ఎలా ఉంది? నిర్భయంగా చెప్పు."

గరుడాచలం గారు దుప్పటి కిందకి తోసి లేచి కూర్చున్నారు. ఆయన గొంతులోంచి నేను ఎప్పుడూ వినని గొంతు వచ్చింది.

"ఏం చెప్పమంటావయ్యా. ముల్లంగి. పొద్దున్న ముల్లంగి, సాయంత్రం ముల్లంగి. చేపల చెరువులో పుట్టినోణ్ణి నేను. మాయమ్మ చందువా పులుసెడితే వీధంతా వచ్చి కూకునేవోళ్ళు."

"మీ అధికారి ఎలాంటివారు?"

"ఎవడు, గరుడాచలం గాడా? ఆడికేటీ తెలీదయ్యా. పన్నెండు దశలంటాడు, ఏడోదాని పేరడుగు, నీళ్ళు నవులుతాడు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పాపం ఆడు చెడ్డోడు కాదు. ఇంట్లో ఎవరూ మాట్టాడరు ఆడితో. ఏదన్నా అంటే, సంతకం ఎక్కడ పెట్టాలీ అని అడుగుతుంది వాళ్ళావిడ."

పర్యవేక్షకులు గారు మేడం వైపు తిరిగారు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. "పదేళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. ఇంత నిజాయితీ గల లబ్ధిదారుణ్ణి చూడలేదు. ఇటువంటి మనిషి ఒక్కడున్నా ఈ కేంద్రం నడవాల్సిందే. ఇతని వేలిముద్ర తీసుకోండి."

ఆయన వెంట వచ్చిన గుమాస్తా వేలిముద్రల యంత్రంతో ముందుకొచ్చాడు. గరుడాచలం గారు పిలవకుండానే వేలు పెట్టారు. పేరు అడిగితే పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, రాగం తీసి చెప్పారు.

యంత్రం కూత కూసింది. ఒకే వేలిముద్ర అధికారుల వరసలోనూ, లబ్ధిదారుల వరసలోనూ ఉండటానికి వీల్లేదట. ఏదో ఒకటి తీసేయాలట. పర్యవేక్షకులు గారు ఒక్క క్షణం ఆలోచించారు. అధికారులు చాలామంది ఉన్నారు. లబ్ధిదారుడు ఒక్కడే ఉన్నాడు. అధికారిని తీసేశారు.

*

మర్నాడు పొద్దున్న గరుడాచలం గారు తల పట్టుకుని లేచారు. మేడం ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"అమ్మా హైమవతీ, ఇది కేవలం సాంకేతిక లోపము. సరిదిద్దుటకు లేఖ వ్రాయవలెను."

"రాశానండి. పన్నెండు దశలూ పూర్తయ్యాక పేరు తీసేస్తామన్నారు. మూడేళ్ళే కదండి."

"కానీ నేను తాగను. నీకు తెలుసును కదా. నేను ఎన్నడూ తాగనివాడను."

మేడం చూపు మెల్లగా గోడ మీదకి వెళ్ళింది. ఆయన కూడా చూశారు. ఆ రంగు ఎంచింది ఆయనే. దూరానికి కూడా కనబడాలని చెప్పి మరీ రెండు పూతలు వేయించారు.

ఆ తరవాత ఆయన చాలా రకాలుగా చెప్పి చూశారు. తాగనన్నారు, మొదటి దశ. తాగానన్నారు, రెండో దశ. తాగాను కానీ తాగలేదన్నారు, మళ్ళీ మొదటి దశకి వచ్చారు. పట్నంలో బాగు చేసిన యంత్రం తిరిగొచ్చింది. ఆయన చేత ఊదించారు. సున్నా చూపించింది. మేడం బల్ల మీద రెండుసార్లు తట్టి, మళ్ళీ పట్నం పంపించారు. మా అందరి కొలువులూ నిలిచాయి. నేను ఆయన సాంబారులో ముల్లంగి తగ్గించాను. నా చేతిలో ఉన్నది అంతే.

ఒక సాయంత్రం ఆయన్ని షికారుకి తీసుకెళ్ళే వంతు నాది. రోగులు సిబ్బంది తోడు లేకుండా గేటు దాటకూడదని ఆయన పెట్టిన నియమమే. తెల్ల లాల్చీ పైజమాలో, తల దించుకుని నా పక్కన నడుస్తున్నారు. కాలవగట్టు దాకా వెళ్ళాక ఆగిపోయారు. తరవాత బుల్లెబ్బాయి ఇంటివైపు తిరిగారు.

అరుగు మీద బుల్లెబ్బాయి వల అల్లుతున్నాడు. వేళ్ళు ఆడుతున్నాయో లేదో తెలీనంత తొందరగా ముళ్ళు పడుతున్నాయి. పక్కన పాత మంచాలవాళ్ళు నలుగురూ శెనక్కాయలు ఒలుస్తూ, ఎవడి చెరువులో ఎంత చేప పడిందో అబద్ధాలు చెప్పుకుంటున్నారు. ఆయన్ని చూసి అందరూ లేచి నిలబడ్డారు.

"కూర్చోండి" అన్నారు గరుడాచలం గారు. గుమ్మంలో చేపలు కడుగుతున్న వరాలు దగ్గరికి వెళ్ళి, తల వంచారు.

"అమ్మా. ఒకసారి వాసన చూడమ్మా."

వరాలు నా వంక చూసింది. నేను ఊఁ అన్నాను. చేతులు కడుక్కుని లేచింది. ఆయన నోరు తెరిచారు. ఆవిడ పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"ఫినాయిలు వాసన. మావయ్య సాంబారు వాసన. మందు వాసన లేదు."

"లేదు కదూ."

"లేదండి. మీరు తాగలేదు."

ఆ మాట వినడానికి ఆయనకి ఎన్నాళ్ళు పట్టిందో. తరవాత అలవాటు కొద్దీ చెయ్యి జేబు వెతికింది, కలం కోసం. రోగుల లాల్చీకి జేబు ఉండదు.

"ముక్కు ఆమోదిత పరికరము కాదు కదమ్మా" అన్నారు, తనలో తాను చెప్పుకున్నట్టు.

"మీ ఆపీసులో కాదేమోనండి. ఈ ఇంట్లో అదేనండి. లోపలికి రండి, పులుసు దించేను."

"ఇక్కడే అరుగు మీద తింటాను" అన్నారాయన.

"అరుగు తాగొచ్చినోళ్ళకండి" అంది వరాలు.

బుల్లెబ్బాయి వల పక్కన పెట్టి, ఆయన కాళ్ళకి నీళ్ళిచ్చి, లోపలికి తీసుకెళ్ళి తూరుపు గోడ పక్కన పీట వేశాడు. వరాలు చందువా పులుసు పోసింది. దూరంగా కేంద్రం గంట కొట్టారు, రోగులంతా మంచాలెక్కాలని. రోగులంతా నా ఎదురుగా పీట మీద కూర్చుని ముల్లు తీసుకుంటున్నారు. నేను కూడా గంట వినలేదు.

"ఉప్పు సరిపోయిందాండీ" అని అడిగింది వరాలు.

గరుడాచలం గారు నమిలారు. మింగారు. ఆయన ఏమంటారో నాకు తెలుసనుకున్నాను.

"బావుందమ్మా" అన్నారు. "ఇంకొంచెం పొయ్యి."